జరిమానా సర్కారుకు, నష్టం కొన్నవాడికి

హైదరాబాద్ శివార్లలో ప్లాటు బేరం చాలాసార్లు మధ్యవర్తి ఫోన్‌తోనే మొదలవుతుంది. టోకెన్ అడ్వాన్సు పుచ్చుకునేదీ అతడే. వ్యవహారం బెడిసికొట్టిందా, ‘నేను చూపించానంతే’ అంటాడు. ఈ మాట చట్టం ముందు చెల్లదు. బ్రోకరు, డీలరు, ఏ పేరు పెట్టుకున్నా రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ప్రాజెక్టులో అమ్మిపెట్టేవాడు రిజిస్టర్ కావాల్సిందేనని 2016 నాటి రెరా చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. రిజిస్టర్ కాని ప్రాజెక్టులో బిల్డర్ అమ్మేదాన్ని అంటగట్టడం 10వ సెక్షన్ కింద తప్పు. ప్రీలాంచ్ ఆఫర్లంటూ తిరిగేవాళ్లు చేస్తున్నది అచ్చంగా ఇదే. దీనికి జరిమానా రోజుకు 10,000 రూపాయలు, మొత్తం ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా. 31వ సెక్షన్ కింద ఏజెంటు మీద బాధితులెవరైనా ఫిర్యాదు చేయవచ్చు.

చిక్కల్లా తర్వాతే. ఆ జరిమానా చేరేది ప్రభుత్వ ఖాతాకు, మోసపోయినవాడికి కాదు. పరిహారం తేల్చే 71వ సెక్షన్ చూపించేది 12, 14, 18, 19 సెక్షన్లను. అవన్నీ బిల్డర్, కొనుగోలుదారుల సంగతులు. రాజీ వేదికల గురించి చెప్పే 32వ సెక్షన్ కూడా ఆ ఇద్దరి పేర్లే ఎత్తుతుంది. పంచాయితీలో ఏజెంటుకు పీట వేయడమే మరిచారు!

పాత ఇంటి అమ్మకం, అద్దె బేరం రెరా గడప దాటి రావు. అక్కడ దిక్కు వినియోగదారుల కమిషన్. కానీ డబ్బిచ్చి సేవ పొందానని రుజువు చూపాలి. కమీషన్ చేతిలో పెట్టి రసీదు అడగని మనకు రుజువెక్కడిది?

ఏజెంట్ల గోడూ ఉంది. పది ఇళ్లు తిప్పించుకుని, చివరికి యజమానితో చాటుగా బేరం కుదుర్చుకునే పెద్దమనుషులు తక్కువేం కాదు. ఎగ్గొట్టిన కమీషన్ కోసం ఏజెంటు 1872 నాటి కాంట్రాక్టు చట్టం పట్టుకుని సివిల్ కోర్టు మెట్లెక్కాలి. ఎక్కేదెవరు? కమీషన్ ఎంత ఉండాలో రెరా చట్టమూ చెప్పలేదు.

మహారాష్ట్ర 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. మంచిదే. అయితే పరీక్ష కంటే ముందు కావలసింది ఒక్క పేజీ కాగితమని నా అభిప్రాయం: కమీషన్ ఎంత, ఎవరివ్వాలి, బేరం చెడితే టోకెన్ ఎన్ని రోజుల్లో తిరిగొస్తుంది, కింద ఇరుపక్షాల సంతకాలు. బిల్డర్ ఖరీదులో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు ఒప్పందం రిజిస్టర్ చేయించాలని 13వ సెక్షన్ అంటోంది. ఏజెంటు జేబులోకి వెళ్లే టోకెన్‌కు అలాంటి గీత ఏదీ గీయలేదు.