ఆలస్యంగా వచ్చిన స్పందనలు

ఈ సంచిక ముఖపత్ర కథనానికి పల్సార్లను ఎంచుకున్నాం. పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే అవశేషాలివి. సూర్యుణ్ని మించిన ద్రవ్యరాశి సుమారు 20 కిలోమీటర్ల గోళంలో ఇమిడిపోతుంది. వీటిలో కొన్ని సెకనుకు వందల సార్లు తిరుగుతూ, చుట్టుచుట్టుకూ తప్పకుండా రేడియో స్పందన పంపుతాయి.

2023 జూన్‌లో వివిధ దేశాల బృందాలు ఒకేసారి ఓ కబురు చెప్పాయి. ఆ స్పందనలు అతి స్వల్పంగా ముందువెనుకలవుతున్నాయట. విశ్వమంతటా సాగే గురుత్వ తరంగాలే అందుకు కారణం కావచ్చు. 2015లో లైగో పరిశీలనశాల పట్టుకున్న గురుత్వ తరంగం సెకనులో ఐదో వంతులో ముగిసింది. ఇక్కడ ఒక్కో అల దాటిపోవడానికే ఏళ్లు పడుతుంది! జంటగా తిరిగే మహా కృష్ణబిలాలే వీటికి మూలమని ఎక్కువమంది అంచనా. తిరుగులేని రుజువు ఇంకా రాలేదని శాస్త్రవేత్తలే చెప్పారు, మేమూ అలాగే రాశాం.

ఇందులో మనవాళ్ల పాత్ర చిన్నది కాదు. నక్షత్రాల మధ్య తేలే ఎలక్ట్రాన్లు కూడా రేడియో తరంగాలను ఆలస్యం చేస్తాయి, తక్కువ పౌనఃపున్యాల్లో మరీ ఎక్కువగా. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపులో 45 మీటర్ల వ్యాసమున్న 30 డిష్‌లు ఆ పౌనఃపున్యాలనే వింటాయి. కాబట్టి ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేయవచ్చు. ఐరోపావారి పాతికేళ్ల కొలతలకు ఈ సమాచారం తోడైంది. ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులూ భారత బృందంలో ఉన్నారు.

ఇంత ఓపికైన పని ఒక్కరోజు వార్తగా ముగిసిపోవడం నాకు బాధ కలిగించింది. అందుకే ఈసారి ఎక్కువ పేజీలిచ్చాం. ఇంటర్ చదివే పిల్లల చేత తప్పక చదివించండి, వాళ్ల సందేహాలు మాకు రాసి పంపండి.