శుక్రుడి మీద సముద్రమా!

శుక్రగ్రహం మీద పెద్ద సముద్రం. దాని అడుగున గుమ్మటాల కింద నగరాలు. జనం ఈస్టును సాగుచేసి, దాన్నే రకరకాల రుచుల్లో తింటుంటారు. అక్కడో చిక్కుముడి విప్పడానికి వెళ్తాడు లక్కీ స్టార్ అనే కుర్రాడు. వెంట పొట్టి నేస్తం బిగ్‌మ్యాన్.

1954లో వచ్చిన ఈ నవల రాసింది ఐజాక్ అసిమోవ్. టీనేజీ పిల్లల కోసం 1952-58 మధ్య ఆయన ఇలాంటివి ఆరు రాశారు, పాల్ ఫ్రెంచ్ అనే మారుపేరుతో. ఈ కథల్ని టీవీ సీరియల్‌గా తీసి పాడుచేస్తే తన పేరు చెడుతుందని ముందుజాగ్రత్త!

అలాగని పిల్లలే కదా అని తోచింది రాసేయలేదు. వృత్తిరీత్యా ఆయన జీవరసాయనశాస్త్రం బోధించే అధ్యాపకుడు. శుక్రుడి దట్టమైన మేఘాల కింద సముద్రం ఉండొచ్చని అప్పట్లో కొందరు శాస్త్రవేత్తలూ భావించేవారు. బుధుడు ఎప్పుడూ ఒకే ముఖం సూర్యుడికి చూపిస్తాడనీ నమ్మేవారు. 1956 నాటి నవలలో బుధుడు అలాగే కనిపిస్తాడు.

తర్వాత లెక్క తారుమారైంది. 1962లో మ్యారినర్-2 శుక్రుడి పక్కగా వెళ్లి, అక్కడ భరించలేని వేడి ఉందని తేల్చింది. ఆ వేడి 460 డిగ్రీల సెల్సియస్ పైమాటే. సముద్రం కాదు కదా, సీసమే కరిగిపోతుంది! బుధుడు 59 రోజులకోసారి తన చుట్టూ తాను తిరుగుతాడని 1965లో రాడార్ చెప్పింది.

మరి అసిమోవ్ ఏం చేశారు? కథలు మార్చలేదు, తప్పు దాచనూ లేదు. 1970ల్లో వచ్చిన కొత్త ముద్రణలకు ముందుమాటలు రాసి, ఏది మారిందో పిల్లలకు వివరంగా చెప్పేశారు. అయినా ఆ పుస్తకాల్ని చదివేవాళ్లు చదువుతూనే ఉన్నారు.

ఎందుకంటే నమ్మకం గ్రహాన్ని బట్టి రాదు, కథలోని కట్టుబాటును బట్టి వస్తుంది. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉందంటే పిల్లలు ఇట్టే నమ్ముతారు. చిలుక బతికుండగా మాంత్రికుణ్ని చంపేస్తే మాత్రం ఊరుకోరు. అంతరిక్షమైనా అంతే. సముద్రం అడుగున ఊరు కట్టినవాడు, ఆ ఊరివాళ్లు ఏం తింటారో కూడా చెప్పాలి.

మీ ఇంట్లో చిచ్చరపిడుగు ఎవరైనా రాకెట్ కథ రాస్తుంటే 'ఇలా జరగదు' అనకండి. 'అక్కడ నీళ్లెలా వస్తాయి? అన్నం ఎవరు వండుతారు?' అని అడిగి చూడండి. జవాబు వెతుక్కుంటూ వాళ్లే సైన్సు పుస్తకం తెరుస్తారు!