మన పద్యం మన ఇంట్లోనే ఉండాలి

గుర్రం జాషువా 1895లో పుట్టిన ఊరు మన వినుకొండ. హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో ఆయన పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్ కొట్టే నేల ఇది. ఆ నాటకాలు రికార్డు చేసుకున్న క్యాసెట్లు ఇప్పుడెక్కడున్నాయి? అటకల మీద బూజు పట్టి, టేపు అతుక్కుపోయి ఉన్నాయి. పెళ్లి సీడీలు గీతలు పడి ఆగిపోతున్నాయి. పిల్లల ఫొటోలు ఎక్కడో ఎవరి కంప్యూటర్లలోనో ఉన్నాయి. స్థలం నిండింది, డబ్బు కట్టు అని ఫోను నెలనెలా బెదిరిస్తోంది.

సినిమాలకు ఏటా చందా కడతాం. ఓటీటీ వాళ్ల ఒప్పందం తీరిన రోజున ఆ సినిమా మాయం. పోనీ, కొన్నది మనదేనా? 2009లో అమెజాన్, పాఠకులు డబ్బిచ్చి కొన్న ఆర్వెల్ నవల ‘1984’ను వాళ్ల కిండిల్ ఈ-పుస్తక పరికరాల్లోంచి చెప్పకుండా చెరిపేసింది. డబ్బు వెనక్కిచ్చింది, క్షమాపణా చెప్పింది. కానీ తాళం ఎవరి దగ్గరుందో ఆ రోజే తేలిపోయింది.

దీన్ని సౌకర్యం అంటున్నారు. నేను దోపిడీ అంటాను. పత్తి రైతుకు ఈ కథ తెలుసు. ఒకప్పుడు విత్తనం ఇంట్లో ఉండేది. బీటీ హైబ్రిడ్ వచ్చాక ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. ఆ ధర తగ్గించమని 2006లో మన రాష్ట్ర ప్రభుత్వమే గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందుకు వెళ్లాల్సి వచ్చింది. గింజను వదులుకున్నాం. పాటనూ వదులుకుందామా?

విరుగుడు ఉంది, చవకగానే ఉంది. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై బోర్డు, దానికో హార్డ్ డిస్క్, జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అంతే, ఇంటి సర్వర్ తయారు. టీవీలోనూ ఇంటిల్లిపాది ఫోన్లలోనూ మన పాట, మన పెళ్లి, మన నాటకం వైఫై మీద వస్తాయి. బయట కేబుల్ తెగి ఇంటర్నెట్ పోయినా ఆగవు. అంతా కలిపి 10 వాట్లు అనుకున్నా, రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 7 యూనిట్ల పైచిలుకు. మూలనున్న పాత డెస్క్‌టాప్‌ను ఇదే పనికి పెట్టి 60 వాట్లు తగలేస్తే 43 యూనిట్లు. ఆ పాత పెట్టె జోలికి పోకండి.

ఇదంతా హైదరాబాద్ కుర్రాళ్ల పని అంటే ఒప్పుకోను. బోరు మోటారు స్టార్టర్ విప్పి బిగించే చేతులకు ఇదొక లెక్కా? కరెంటు పోతే చిన్న యూపీఎస్ కాస్తుంది. డిస్క్ ఏదో ఒకరోజు చెడిపోతుంది, అందుకే రెండో కాపీ నరసరావుపేటలో చుట్టాలింట్లో ఉండాలి. పైరసీ సినిమాలు నింపుకోమని నేననడం లేదు. మన క్యాసెట్, మనం తీసిన వీడియో, మనం కొన్న సీడీ మన గడప లోపల ఉండాలంటున్నాను.

తెలుగువాళ్ల తొలి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’, ఈనాడు చూద్దామంటే ప్రింటే లేదు. నలుగురిళ్లలో దాచుకోనిది అలాగే పోతుంది.

ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బుతో వినుకొండ గ్రంథాలయంలో ఇలాంటి సర్వర్ ఒకటి పెట్టి, ఊళ్లోని నాటకాల క్యాసెట్లన్నీ అందులోకి ఎక్కించమని గట్టిగా అడుగుదాం. గ్రంథాలయం వాళ్లు కదిలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. ముందు ఎవరింట్లో వాళ్లం మొదలుపెడదాం.