అనుక్రమణి తూనికరాయి కాదు

శాస్త్రజ్ఞుడు ఎన్ని వ్యాసములు ప్రకటించెను, ఎవరితో కలిసి ప్రకటించెను, వానిని ఎందరు తమ వ్యాసములలో పేర్కొనిరి అను మూడు ప్రశ్నలకు నేడు కంప్యూటరు క్షణములో సమాధానము చెప్పుచున్నది. అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో వెలువరించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ ఈ లెక్కకు మూలము. 2004లో స్కోపస్, గూగుల్ స్కాలర్ వచ్చిన పిమ్మట అది ప్రతి అధ్యాపకుని బల్ల మీదికి చేరినది. విజ్ఞానశాస్త్రముల కొరకు పుట్టిన ఈ లెక్క ప్రాచ్యకళాశాలల గడపను కూడ దాటినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2010లో అధ్యాపకుల పదోన్నతికి అంకెల పద్ధతిని ప్రవేశపెట్టెను. పిమ్మట పరిశోధనపత్రికలకు 'కేర్' అను ఆమోదపు పట్టికను ఏర్పరచి, 2025లో దానిని విరమించెను. పట్టిక పోయినను అది నేర్పిన అలవాటు పోలేదు. పాండిత్యమును చదివి తెలిసికొనుటకు బదులు లెక్కించి తెలిసికొనవచ్చునను నమ్మకము బలపడుచున్నది. ఈ నమ్మకము విచారింపదగినది.

పూర్వుల మాటను పేరుతో చెప్పుట భారతీయ శాస్త్రరచనకు క్రొత్త కాదు. పాణిని అష్టాధ్యాయిలో ఆపిశలి, కాశ్యపుడు, గార్గ్యుడు, గాలవుడు, చాక్రవర్మణుడు, భారద్వాజుడు, శాకటాయనుడు, శాకల్యుడు, సేనకుడు, స్ఫోటాయనుడు అను పదిమంది ఆచార్యులను పేర్కొనెను. ఆపిశలి వ్యాకరణము నేడు లభింపదు. పాణిని మొదలగువారు పేర్కొనుట చేతనే ఆయన పేరు నిలిచినది. ఆధారము లేని మాట వ్రాయనని మల్లినాథుడు వ్యాఖ్యానారంభముననే ప్రతిజ్ఞ చేసెను. కావున ఉల్లేఖన మన శాస్త్రమర్యాదయే.

గణనయు క్రొత్త కాదు. కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేదమునందలి ప్రతి సూక్తమునకు ప్రతీకమును, ఋక్కుల సంఖ్యను, ఋషిని, దేవతను, ఛందస్సును చెప్పినది. దాని వలన గృత్సమదునిదని ప్రసిద్ధమైన రెండవ మండలమున 43 సూక్తములు, వసిష్ఠునిదైన ఏడవ మండలమున 104 సూక్తములు కలవని తెలియును. అంతమాత్రమున గృత్సమదుడు వసిష్ఠునిలో సగమైనను కాడని ఏ వేదపండితుడును అనలేదు. ఆ సంఖ్య మంత్రమును కాపాడుటకు, వెదకి పట్టుటకు ఏర్పడినది. ఋషులను తూచుటకు కాదు. సమస్తమును ఈ భేదమునందే ఉన్నది.

ఈ భేదమును చూపుటకు తెలుగువారిలో కల్యంపూడి రాధాకృష్ణ రావుగారి కంటె తగిన ఉదాహరణము లేదు. ఆయన 1920లో హడగళిలో జన్మించిరి. ఆయన బాల్యవిద్యలో కొంత భాగము కృష్ణా మండలపు నూజివీడు, నందిగామలలో జరిగినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమును, కలకత్తాలో సాంఖ్యకశాస్త్రమును అభ్యసించిరి. 1945లో, ఇరువదియైదేండ్ల వయసులో, కలకత్తా గణితసంఘపు పత్రిక 37వ సంపుటమున 81 నుండి 91 వరకు గల పుటలలో ఒక వ్యాసము ప్రకటించిరి. పదునొకండు పుటల ఆ వ్యాసములో మూడు సిద్ధాంతబీజములు కలవు. మొదటిది, ఎంత నేర్పుతో అంచనా వేసినను దోషము ఏ మేరకు తగ్గదో చెప్పునది. స్వీడనుకు చెందిన క్రామర్ కూడ 1946లో దానిని ప్రకటించుటచే అది క్రామర్–రావు అసమానతయైనది. రెండవది, ముడి అంచనాను మెరుగుపరచు మార్గము. 1947లో అమెరికాకు చెందిన బ్లాక్‌వెల్ స్వతంత్రముగా కనుగొనుటచే రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతమైనది. మూడవది, సమాచారమును జ్యామితి దృష్టితో చూచుట. అది కొన్ని దశాబ్దముల పిమ్మట గాని ప్రత్యేకశాఖగా వికసింపలేదు.

ఆ పత్రిక సాంఖ్యకశాస్త్రజ్ఞులలో అంతగా ప్రచారము కలది కాదు. పత్రిక గౌరవమును బట్టి వ్యాసమునకు విలువ కట్టు నేటి పద్ధతి ఆనాడు ఉండియుండినచో ఆ వ్యాసమునకు ఎన్ని మార్కులు వచ్చెడివో ఊహింపవచ్చును. పత్రికల ప్రభావాంకము కడచిన రెండేండ్ల వ్యాసములకు వచ్చిన ఉల్లేఖనలను బట్టి ఏర్పడును. రావుగారి 1945 నాటి కృషిని పేర్కొనుచు అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారము వచ్చినది 2023లో, డెబ్బదియెనిమిదేండ్లకు. అదే సంవత్సరము ఆగస్టు 22న ఆయన కీర్తిశేషులైరి. రెండేండ్ల కొలతకు ఇట్టి ఫలము అందదు.

అంకెకు కనబడనివి మరియు కలవు. ఆ వ్యాసము తరగతిగదిలో పుట్టినది. ఫిషర్ సిద్ధాంతము పెద్ద నమూనాలకే చెల్లునా, చిన్న నమూనాలకు కూడ చెల్లునా అని దండేకర్ అను విద్యార్థి ప్రశ్నింపగా, రావుగారు ఆ రాత్రి శ్రమించి మరునాడు సమాధానముతో వచ్చిరి. ఈ సంగతి ఆయనయే చెప్పియున్నారు. అధ్యాపకుని ఔదార్యమునకు గాని విద్యార్థి ప్రశ్నకు గాని ఏ సూచికయందును గడి లేదు. ఇక క్రామర్–రావు అసమానతను ప్రయోగించు వేలకొలది రచనలు మూలవ్యాసమును పేర్కొనవు. సిద్ధాంతము శాస్త్రములో కలిసిపోయిన కొలది లెక్క తగ్గును. పరమప్రతిష్ఠ పొందిన చోటనే గణన మూగపోవుట గమనింపదగినది.

లెక్కకు పూర్వపక్షమేదో సిద్ధాంతమేదో తెలియదు. మీమాంసకుడు బౌద్ధమతమును వందమార్లు ఖండించినచో అది బౌద్ధాచార్యునికి వంద ఉల్లేఖనలగును. శాస్త్రకారులు 'కేచిత్', 'అపరే' అని పేరు చెప్పక విడిచిన మతములకు సున్నయే. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన హెచ్-సూచిక ప్రకారము, పది వ్యాసములు ఒక్కొక్కటి కనీసము పదిమార్లు ఉల్లేఖింపబడినవానికి పది. ఒకే గ్రంథము వేయిమార్లు ఉల్లేఖింపబడినను సూచిక ఒకటి. పాఠశాలలో అడుగుపెట్టిన ప్రతి బాలుడు వల్లించిన అమరకోశమును రచించిన అమరసింహునికి ఈ కొలతలో దక్కునది ఆ ఒకటియే.

విజ్ఞానశాస్త్రములలోనైనను హెచ్చు ఉల్లేఖన హెచ్చు లోతునకు గుర్తు కాదు. 2014లో నేచర్ పత్రిక వెలువరించిన లెక్కలో ప్రథమస్థానము, మూడు లక్షలకు పైగా ఉల్లేఖనలతో, మాంసకృత్తులను కొలుచు విధానమును చెప్పిన 1951 నాటి లౌరీ వ్యాసమునకు దక్కినది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలతవిధానమును గూర్చిన వ్యాసము కూడ ఇట్టిదే. ప్రయోగశాలలలో దాని అవసరము పడిన ప్రతివాడు దానిని పేర్కొనెను. అది ఉపయోగమునకు ప్రమాణము. ఉపయోగము గొప్పదే; కాని అది ఒక్కటియే గొప్పది కాదు.

సహరచన విషయమును ఇట్టిదే. ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతముగారు 1931లో రామన్‌తో కలిసి కాంతికణపు భ్రమణమును గూర్చి వ్యాసము ప్రకటించిరి. రెండు పేర్లను చూచి ఎవరి ఆలోచన ఎంతయో, ఎవరి ప్రయోగము ఎంతయో పట్టిక చెప్పజాలదు.

పేర్ల విషయమున తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు కలదు. విదేశీయ సూచికలు చివరి పదమును వంశనామముగా గ్రహించును. తెలుగువారి ఇంటిపేరు మొదటనుండును. కల్యంపూడి ఒక్క అక్షరమునకు కుదించుకొనిపోయి, గౌరవవాచకమైన 'రావు' వంశనామమైనది. సి.ఆర్. రావు, కర్ణాటకకు చెందిన రసాయనశాస్త్రజ్ఞుడు సి.ఎన్.ఆర్. రావు ఒకే వరుసలో పడుదురు. శాస్త్రి, శర్మ, ఆచార్యులు అని ముగియు పండితనామముల గతి చెప్పనక్కరలేదు. ఒకరి కృతి మరొకరి ఖాతాలో చేరును. 2012లో ఆరంభమైన ఆర్సిడ్ అను పదునారంకెల గుర్తింపు ఈ సాంకర్యమును నివారించుటకే ఏర్పడినది.

ఇచట ప్రతివాది ఇట్లనవచ్చును: అంకె లేనిచో సిఫారసు రాజ్యమేలును, దూరగ్రామపు కళాశాలలో శ్రద్ధతో పనిచేయు అధ్యాపకునికి అంకెయే సాక్షి. ఈ వాదములో సత్యము కలదు. కాని ఆ సాక్షి ప్రాచ్యకళాశాలల అధ్యాపకుని చూడనేలేదు. ఆయన తెలుగు వ్యాఖ్య, తాళపత్రప్రతిని సరిచూచి చేసిన పరిష్కరణము, స్థానికపత్రికలోని వ్యాసము అంతర్జాతీయ సూచికలకు చాలవరకు ఎక్కవు. చూడని సాక్షి లేదనుట ప్రమాణము కాదు. అనుపలబ్ధి ప్రమాణమగుటకు వస్తువు కనబడుటకు తగిన యోగ్యత ఉండవలెనని శాస్త్రము చెప్పుచున్నది.

కావున చేయవలసినది గణనను నిందించుట కాదు, అనుక్రమణిని పూర్తి చేయుట. ప్రతి ప్రాచ్యకళాశాల తన అధ్యాపకుల రచనలకు ఇంటిపేరు, పూర్తిపేరు, పత్రిక, సంపుటము, సంవత్సరము, పుటలతో సూచిక కూర్చవలెను. పరిష్కరణములను, వ్యాఖ్యలను వ్యాసములతో సమముగా చేర్చవలెను. విద్యార్థుల ప్రశ్నలకు, సహాధ్యాపకుల సూచనలకు ఋణము చెప్పు మర్యాద వ్యాసములలో మరల నెలకొనవలెను. పదోన్నతి సంఘములు అభ్యర్థి తానుగా ఎంచుకొన్న రెండు మూడు రచనలను చదివి, చదివినట్లు కారణములతో అభిప్రాయము వ్రాయవలెను. ఇది కాలము పట్టు పని. అయినను అనుక్రమణి సూక్తమెక్కడ ఉన్నదో చెప్పును. సూక్తమును చదువవలసినవాడు అధ్యేత.