గృహయంత్రములు: తక్కువ తిరిగిన బండి



గత మాసమున రిఫ్రిజిరేటరును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున మోటారుబండిని గూర్చి వ్రాయవలసి వచ్చినది. అందుకు కారణము జూబిలీ హిల్సునుండి ఒక సోదరి వ్రాసిన జాబు. ఆమె కుమారుడు చలనచిత్రములలో పనిచేయుచున్నాడు. చిన్ననాటి ముచ్చట తీర్చుకొనుటకై యొకరివద్ద పాత స్పోర్ట్సుకారు నొకదానిని కొన్నాడు. "ఇన్నేండ్లలో తొమ్మిదివేల కిలోమీటర్లైనను తిరుగలేదు, కొత్తదానివలెనే యున్నది" అని అమ్మినవారు చెప్పిరట. కొన్న పదునైదు దినములకే అతడు షూటింగునకై విదేశమునకు పోయెను. రెండు నెలలుగా బండి సెల్లారులో గుడ్డ కప్పుకొని యున్నది. కుమారుడు వచ్చు దినము సమీపించినదని ఆమె డ్రైవరుచేత బండిని తీయింపబోగా, ఇంజను మాట యటుండ, తలుపైనను తెఱచుకొనలేదు. "వాడు రాగానే స్నేహితులతో రింగురోడ్డుమీదికి పోవలెనని ఉవ్విళ్లూరుచున్నాడు. ఆలోగా దీనిని కదలించు ఉపాయము చెప్పుడు. ఆడుదాని కీ గొడవ యేల యని నవ్వకుడు" అని ఆమె వ్రాసినది.

ఇందు నవ్వవలసిన దేమియు లేదు. బండి కొన్నది కుమారుడైనను, దానితో ఇంట నుండునది తల్లియే కదా. ఆమె కిచ్చు సమాధానము చిన్నబండి యున్నవారికిని, స్కూటరు మాత్రమే యున్నవారికిని గూడ పనికివచ్చును గనుక ఇచ్చటనే వ్రాయుచున్నాము.

1970ల దశకమున అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియో నిర్మింపబూనిన కాలమున ఈ ప్రాంతమంతయు కొండరాళ్లును తుప్పలునై యుండెను. నేడు చెక్‌పోస్టునుండి ఫిలింనగరువఱకు గల ఎగుడుదిగుడు వీధులలో దేశమున నరుదైన కార్లు పెక్కులు కానవచ్చుచున్నవి. ఆదివారము తెల్లవాఱుజామున వాని యజమానులు కొందఱు కలిసికొని, 158 కిలోమీటర్ల నెహ్రూ ఔటర్ రింగురోడ్డువైపు పోవుచుందురు. ఆ దారిలో హెచ్చు వేగము గంటకు 120 కిలోమీటర్లని 2023లో నిర్ణయించిరి. దారిలో టీ త్రాగుచు వీరు మాటలాడుకొనుట వినినచో మీకు వింతగా నుండును. వేగము మాట కొంచెమే. బ్యాటరీ చచ్చిన వైనము, ఎలుక తీగె కొఱికిన వైనము, నేలకు తగిలిన ముందుభాగమును అతికించిన వైనము, ఇవియే యెక్కువ. ఒకరి కైన నష్టము మఱియొకరికి పాఠమగును. వారి మాటల సారాంశ మొక్కటే: ఈ బండ్లు తిరిగి చెడుటకంటె నిలిచి చెడుట యెక్కువ.

దీనికి మన నగరముననే పాత తార్కాణ మొకటి గలదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను సింహాసనమువంటి ఆసనముతో రోల్స్‌రాయిస్ కారు నొకదానిని చేయింప నుత్తరువిచ్చి, అది రాకమునుపే 1911లో మరణించెను. పిమ్మటను అది తిరిగినది స్వల్పమే. నేడు చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శనవస్తువై యున్నది. తిరుగుట కేర్పడిన యంత్రము బొమ్మయైన తరువాత చూచుటకు సొగసే కాని, నమ్మి యెక్కుటకు తగదు.

మొదట తలుపు సంగతి. బండి నిదురించుచున్నను దాని కాపలా నిదురింపదు. దొంగలు ముట్టినచో కూయు యంత్రము, తాళపుచెవి దగ్గఱకు వచ్చినదా యని కనిపెట్టు యంత్రము, గడియారము, ఇవన్నియు రేయింబవళ్లు బ్యాటరీనుండి కొంచెము కొంచెముగా విద్యుత్తును త్రావుచుండును. బండి నడచుచున్నచో ఇంజను ఆ లోటును పూరించుచుండును. నిలిచినచో కొన్ని వారములలో బ్యాటరీ అడుగంటును. ఇట్టి సమయమునకై తాళపుచెవిపెట్టెలోపల నొక చిన్న ఇనుప చెవిని దాచియుంతురు. దానితో తలుపు తెఱవవచ్చును. కొన్ని స్పోర్ట్సుకార్లకు ఇంజను వెనుకను, బ్యాటరీ ముందరను ఉండును. ముందు మూత విద్యుత్తుచేతనే తెఱచుకొనునట్టి దైనచో, ముందుగా ఎచ్చట తీగె తగిలించి తెఱవవలెనో బండితో నిచ్చిన పుస్తకమున వ్రాసియుందురు. ఆ పుస్తకము చూడక ఇనుపకడ్డీతో మూత నెత్తరాదు. మఱియొక బండిని తెచ్చి తీగెలు కలుపుదునని డ్రైవరు అన్నచో, ఎఱ్ఱతీగె, నల్లతీగె తారుమారు కాకుండ దగ్గఱనుండి చూడుడు. ఒక్క క్షణము తారుమారైనను లోని కంప్యూటర్లు కాలిపోవచ్చును. అన్నిటికంటె క్షేమమైనది, మెల్లగా విద్యుత్తు నెక్కించు చిన్న చార్జరును గోడకు తగిలించి యుంచుట.

దినమునకు అయిదు నిమిషములు నిలిచినచోటనే ఇంజను నాడించి ఆపుటవలన మేలు కలుగదు. నూనె చక్కగా వేడెక్కకమునుపే ఆపుటచే లోపలి చెమ్మ పోక నూనెలో కలియును. పొగగొట్టమున నీరు నిలిచి త్రుప్పు పట్టును. బ్యాటరీకి సైతము రావలసిన విద్యుత్తు రాదు. పదిదినముల కొకసారియైనను అరగంటసేపు వీధిలో నడపుటయే మందు.

ఇంతవఱకు సోదరి యడిగిన ప్రశ్నకు సమాధానము. ఆమె అడుగనిది వేఱొకటి గలదు. "తొమ్మిదివేల కిలోమీటర్లైనను తిరుగలేదు" అన్న మాట చదివినపుడు మాకు సంతోషము కలుగలేదు, భయము కలిగినది. తక్కువ తిరిగిన బండికి టైర్లు అరుగవు. అరుగని టైర్లను ఎవరును మార్పరు. కాని రబ్బరు అరిగి మాత్రమే చెడునది కాదు. గాలికిని, మన యెండలకును ఏటేట ఎండి, గట్టిపడి, కంటికి కనబడని సన్నని పగుళ్లు వాఱును. పైగా ఒకేచోట బరువు మోయుటచే క్రిందిభాగము చప్పిడియగును. గాడులు చూచినచో లోతుగనే యుండును. చూచినవారు కొత్త టైర్లని మోసపోవుదురు.

టైరు వయస్సు టైరుమీదనే వ్రాసియుండును. దాని ప్రక్కభాగమున డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుస చివర నాలుగంకెలు ముద్రింపబడి యుండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును దెలుపును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. బయటివైపున అంకెలు లేకున్న లోపలివైపున వెదకవలెను. ఆఱేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్ష చేయింపవలెను. పదియేండ్లు నిండినది చూచుట కెంత చక్కగా నున్నను మార్చి తీరవలెను. మిక్కిలి వేగముగా పోవు బండికి అంతవఱకును ఆగరాదు.

వెంటనే ఆ సోదరికి, "ఇంజను సంగతి తరువాత, ముందు టైర్లమీది అంకెలు చదివి వ్రాయుడు" అని జాబు పంపితిమి. ఆమె కండ్లద్దములు పెట్టుకొని, దీపము పట్టుకొని, సెల్లారున కూర్చుండి చదివినదట. నాలుగింటిపైనను 2216 అనియే యున్నది. అనగా అవి 2016వ సంవత్సరపువి.

హాలీవుడ్డు నటుడు పాల్ వాకర్ కార్ల పందెముల చిత్రములవలన లోకమంతట ప్రసిద్ధుడు. అతడు 2013 నవంబరు 30వ తేదీన కాలిఫోర్నియాలో, స్నేహితుడు నడపుచున్న పోర్షే కరెరా జి.టి. కారులో పోవుచు మరణించెను. స్నేహితుడును మిగులలేదు. అతివేగమే కారణమని విచారణచేసిన అధికారులు తేల్చిరి. ఆ బండి టైర్లు తొమ్మిదేండ్ల నాటివని కూడ వారు గుర్తించిరి. కార్లను గూర్చి అంతగా నెఱిగినవారికే అట్లు జరిగినప్పుడు, ఎఱుగనివారి మాట చెప్పనేల?

టైర్లతో పాటు చూడవలసినది బ్రేకు నూనె. అది గాలిలోని చెమ్మను పీల్చుకొనును. బండి తిరిగినను తిరుగకున్నను రెండేండ్ల కొకసారి మార్చవలెను. చెమ్మ పట్టిన నూనె వేడికి మరగి బుడగలు కట్టును. అప్పుడు కాలు నొక్కినను బ్రేకు పట్టక మెత్తగా దిగిపోవును. జూబిలీ హిల్సు దిగుడులలో అది యెట్టి యాపదయో వేఱుగ చెప్పనక్కఱలేదు. చాలదినములు నిలుపునపుడు చేతిబ్రేకు బిగించి యుంచినచో అది కఱచుకొనిపోవచ్చును. సమమైన నేలమీద నిలిపి, చక్రములకు చెక్కముక్కల నడ్డముంచుట మంచిది.

పెట్రోలు సైతము పాతబడును. మన దేశమున నిప్పుడు దానిలో నూటికి 20 పాళ్లవఱకు ఇథనాలు కలియుచున్నది. అది కూడ చెమ్మను పీల్చునదే. బండికి ఎట్టి పెట్రోలు తగునో పెట్రోలు మూతలోపల వ్రాసియుండును, చూచి పోయింపుడు. ఇక ఎలుకలు, పందికొక్కులు. సీట్లమధ్య పడిన ప్రసాదపు పలుకులు, బిస్కత్తుముక్కలు వానికి ఆహ్వానపత్రికలు. అవి తీగెలు కొఱికినచో దోషము కనుగొనుటకే దినములు పట్టును. వారమున కొకసారి మూత యెత్తి దీపముతో చూచుట మఱువకుడు.

సెల్లారున్న ఇండ్లవారి కొక ముఖ్యమైన హెచ్చరిక. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదున కురిసిన కుండపోత మీకు జ్ఞాపకముండును. అట్టి వానలో బండి నీట మునిగినచో, నీరు తీసినపిమ్మట పనిచేయుచున్నదా యని తాళము త్రిప్పి చూడవలెనని అందఱికిని తోచును. అదియే చేయరాని పని. ఇంజనులోపలి గది గాలిని నొక్కుట కేర్పడినది. గాలి నొక్కిన అణగును, నీరు అణగదు. త్రిప్పినంతనే లోని ఇనుపకడ్డీలు వంగి ఇంజను పాడగును. స్పోర్ట్సుకారు నేలకు దగ్గఱగా నుండును గనుక తక్కువ నీటికే ఈ యాపద వచ్చును. ఇట్లు చెడిన ఇంజనునకు సాధారణపు బీమా వర్తింపదు. ఇంజను రక్షణమని వేఱుగ కట్టినవారికే సొమ్ము వచ్చును. కావున తాళపుచెవిని దాచి, బండిని లారీమీద నెక్కించి బాగుచేయువారియొద్దకు పంపుడు.

నడచుచుండగా ముందు ఎఱ్ఱదీపము వెలిగినచో ప్రక్కకు తీసి వెంటనే ఆపవలెను. పసుపుదీపమైనచో మెల్లగా ఇంటికి వచ్చి త్వరలో చూపింపవలెను. ఎండకాలమున చెక్‌పోస్టువద్ద బండ్ల వరుసలో చిక్కి ఇంజను వేడెక్కినచో, చల్లాఱువఱకు నీటిమూతను ముట్టరాదు. లోని వేడినీరు చిమ్మి ముఖము, చేతులు కాలును.

ఇవన్నియు మగవారి పనులని తలచువారు బెర్తా బెంజిగారి కథ వినవలెను. 1888 ఆగస్టులో ఈ జర్మను గృహిణి, భర్త నిర్మించిన మోటారుబండిని ఆయనకు చెప్పకయే తీసికొని, ఇద్దఱు కుమారులతో మాన్‌హైమునుండి తన పుట్టినింటికి బయలుదేరినది. దూరము నూఱు కిలోమీటర్లకు పైమాట. అంతకుమునుపు మోటారుబండిలో అంతదూరము పోయినవారు లేరు. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీసూదితో పొడిచి తీసెను. తీగె ఒరసికొనగా తన మేజోటి పట్టీ చుట్టెను. బ్రేకుచెక్కలు అరుగగా దారిలో చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను. ఇంధనము మందుల అంగడిలో కొన్నది. మోటారుబండిని దారిలో బాగుచేసికొనిన మొదటివారిలో నొక యిల్లాలున్నదన్నమాట.

మన సోదరి సంగతి చెప్పి ముగింతును. కుమారుడు వచ్చి, బండి కదలినందుకు సంతోషించి, టైర్ల మాట వినగానే "గాడులు నిండుగా నున్నవి కదమ్మా, ఈ వారము పోయివచ్చి మార్చెదను" అనెనట. ఆ కొలత టైర్లు నగరమున సిద్ధముగా లేవు, తెప్పించుటకు దినములు పట్టును. స్నేహితులందఱు ఆదివారమునకు సిద్ధమైరి. ఆమె వాదింపలేదు. కుమారుని సెల్లారునకు తీసికొనిపోయి, ఆ నాలుగంకెలు చదివించి, అర్థము చెప్పినది. తాళపుచెవిని మాత్రము తన బీరువాలోనే యుంచినది. ఆ ఆదివారము అతడు స్నేహితుని వెంట చిన్నకారులో పోయి వచ్చెను. కొత్త టైర్లు వచ్చినవనియు, తాళపుచెవి యిచ్చివేసితిననియు మొన్న వ్రాసినది.

ఈ మాసము మీ ఇంటి కారు, స్కూటరు టైర్లమీది అంకెలను మీరును చదివి, గృహఖర్చుల పుస్తకమున వ్రాసి యుంచుడు. అరనిమిషపు పని. మీవారు, మీ పిల్లలు ప్రతిదినము వానినే నమ్మి వీధిలోనికి పోవుచున్నారు.