తొలి బరువు



మొన్నటి ఆషాఢమున మా సికింద్రాబాదులో లష్కరు బోనములు జరుగుచుండగా, ఉజ్జయినీ మహంకాళి యమ్మవారి గుడికి మా యింటి బోనమును మేము ఎత్తవలసియుండెను. ఎత్తలేకపోయితిమి. మా తోడికోడలు ఎత్తగా మేము ప్రక్కన ఉత్తచేతులతో నడచితిమి. జబ్బుపడి కాదు; బలము తెచ్చుకొనవలెనను తొందరలో ఉన్న బలమును పోగొట్టుకొని. అట్టి పొరపాటు మరియొక సోదరి చేయకుండుటకై ఈ నెల ఆ సంగతియే వ్రాయుచున్నాము.

నిరుడు వానకాలమున మా అత్తగారు పెరటిలో జారిపడి మణికట్టు విరుగగొట్టుకొనిరి. కట్టు విప్పిననాడు వైద్యురాలు మా యిద్దరిని కూర్చుండబెట్టి చెప్పిన మాటలివి. ముట్లుడిగిన పిమ్మట స్త్రీల యెముకలు త్వరత్వరగా పలుచబడును. కండ యన్ననో, వాడనిచో ముప్పది యేండ్లు దాటినది మొదలుకొని కొంచెము కొంచెముగా తరిగిపోవును. ఈ రెంటికిని క్రమముగా బరువు లెత్తుట మంచిది; అది మగవారి సొత్తు కాదు. అంతట అత్తగారు మా వైపు చూచి, “అమ్మాయీ, ఇక బోనము నీది” అనిరి.

మాకును ముప్పది దాటి చాలకాలమైనది. వెంటనే వీథి మలుపున నున్న వ్యాయామశాలలో చేరితిమి. ఇప్పుడందరు జిమ్ము అనునదానిని మా పెద్దల కాలమున తాలింఖానా యనెడివారు. మొదటిదినమున అచటి యువకుడు పొడుగైన యినుపకడ్డీ నొకదానిని చూపి, “అమ్మా, ఇది ఖాళీ కడ్డీయే, బరువేమియు వేయలేదు, తలపైకి పదిమారు లెత్తుడు” అనెను. ప్రక్కనున్న బాలిక అట్టి కడ్డీకే ఇరువైపుల బిళ్లలు తగిలించి ఎత్తుచుండెను. ఖాళీదానిని గూడ ఎత్తలేననుటకు మాకు సిగ్గు వేసినది. ఎనిమిదింటివరకు పండ్లు బిగబట్టి ఎత్తితిమి. తొమ్మిదవమారు కుడిభుజము కలుక్కుమన్నది.

ఆ ఖాళీకడ్డీ బరువెంతయో మాకు తరువాత తెలిసినది: ఇరువది కిలోలు! పోటీలలో పురుషులు వాడు కడ్డీకి బిళ్లలు లేకయే 20 కిలోల బరువుండును. స్త్రీల కడ్డీ వేరుగా 15 కిలోలుండును. ఇంటికి వచ్చి మా బోనపు కుండను అన్నము, బెల్లము, పెరుగు, పై దీపముతో సహా తూచి చూచితిమి. ఆరు కిలోలు తేలినది. అనగా మూడు బోనములకు మించిన బరువును ఖాళీ యనుకొని తలపైకెత్తితిమన్నమాట. అటుపై మూడువారములు మా అమ్మాయికి జడ వేయుటకైనను చేయి లేవలేదు. అంతలో ఆషాఢము వచ్చినది, పోయినది.

మా వారు బడిపంతులుగారు. కోపపడలేదుగాని, “గుణింతము రాని పిల్లవానికి ఛందస్సు చెప్పిన నేరము పిల్లవానిది కాదు, కాని నీవు పెద్దదానవు, ఆ కడ్డీ యెంత బరువని ముందుగా అడుగవచ్చును గదా” అనిరి. ఆ మాట నిజము. కావున సోదరీమణులు మొదట నేర్వవలసిన దిదియే: ఏ వస్తువునైనను ఎత్తుటకు ముందు దాని బరువు తెలిసికొనవలెను. ఎవరు ఖాళీ యన్నను, తేలిక యన్నను నమ్మరాదు.

బాల్యమున మా తండ్రిగారియొద్ద చదివిన వాగ్భటుని అష్టాంగహృదయము ఆ మూడువారములలో మాకు జ్ఞప్తికి వచ్చినది. బలవంతులును, చమురుగల ఆహారము తినువారును సైతము చలికాలమునందును వసంతమునందును తమ శక్తిలో సగముమేరకే వ్యాయామము చేయవలెననియు, తక్కిన ఋతువులలో అంతకంటెను తగ్గించవలెననియు అందు చెప్పబడియున్నది. ఆ సగమునకు గుర్తును సుశ్రుతుడు చెప్పెను: ఊపిరి నోటికి వచ్చుటయే ఆ గుర్తు. నేటి వ్యాయామశాస్త్రజ్ఞుల లెక్క వేరైనను తాత్పర్యము దగ్గరిదే. శక్తి యంతయు ఊడ్చిపెట్టక కొంత మిగుల్చుకొని ఆపవలెను.

ఇక తొలిబరువు నేర్పరచుకొను విధము చెప్పెదము.

మొదటి రెండువారములు చేత ఏ బరువును పట్టరాదు. కుర్చీపై కూర్చుండి చేతుల సాయము లేక లేచుట, గోడకు అరచేతులానించి ఛాతీని గోడవైపు వంచి మరల వెనుకకు నెట్టుకొనుట, మునివ్రేళ్లపై లేచి దిగుట, ఈ మూడును చాలును. శరీరమే తొలి బరువు. నడుము వంగక, మోకాలు లోనికి మడుగక చేయుట అలవడినపిమ్మటనే చేతికి బరువు తీసికొనవలెను.

అప్పుడు మీకు మిక్కిలి తేలికయని తోచుదానితో మొదలుపెట్టుడు. నీటి సీసాకంటె మంచి తూకపురాయి లేదు. లీటరు నీటి బరువు ఒక కిలో. దానిని నెమ్మదిగా పండ్రెండుమారు లెత్తుడు. పండ్రెండవమారు ముగిసినప్పుడు “ఇంకను రెండుమారులో మూడుమారులో ఎత్తగలను, అంతకు మించి ఎత్తలేను” అని తోచినచో అదియే మీకు తగిన బరువు. ఎనిమిదికి లోపలనే ఊపిరి బిగిసినను, నడుము వెనుకకు వాలినను, చేయి వణకినను అది అధికము; సిగ్గుపడక దించివేయుడు. కబుర్లు చెప్పుకొనుచు ఇరువదిమారు లెత్తగలిగినచో అది చాలదు.

ఒక్క బరువు అన్ని యవయవములకు సరిపడదు. తొడలు, పిరుదులు మన దేహమున బలమైన కండలు. భుజములు వానితో పోల్చిన చాల చిన్నవి. తలపైకెత్తుటకు ఒక్కొక్క చేతికి ఒకటిరెండు కిలోలును, మోచేయి మడచి ఎత్తుటకు రెండుమూడు కిలోలును, రొమ్మున కానించుకొని కుర్చీనుండి లేచుటకు నాలుగైదు కిలోల బియ్యపు సంచియు ప్రారంభమున అనేకులకు సరిపోవును. ఇది అంచనాయేగాని ఆజ్ఞ కాదు. పొరుగింటామె యెత్తినదియు, మన ఈడుది యెత్తినదియు మనకు కొలత కాదు. పండ్రెండవమారున మన దేహము చెప్పిన జవాబే కొలత.

ఎత్తునప్పుడు ఊపిరి విడువవలెను, దించునప్పుడు పీల్చవలెను, బిగబట్టరాదు. వారమునకు కనీసము రెండుదినములు దేహమునందలి పెద్దకండలన్నిటికిని ఇట్టి శ్రమ యుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 సంవత్సరమున చెప్పెను. నడుమ నొకదినమైనను విశ్రాంతి యుండుట మేలు. మరునాడు కండలు సలుపుట సహజము. రెండుమూడు దినములలో పోవును. కాని కీలులో సూదితో పొడిచినట్లుండినను, తిమ్మిరి యెక్కినను వెంటనే మాని వైద్యులకు చూపవలెను. రక్తపుపోటు, గుండెజబ్బు, గిలక కలవారును, గర్భిణులును, బాలెంతలును, గర్భాశయము జారినవారును, ఎముక విరిగి అతికినవారును వైద్యుల నడుగకుండ ఆరంభింపనే రాదు.

బరువు పెంచుట యెప్పుడు? వరుసగా రెండుదినములు పండ్రెండును ముగించి ఇంకను రెండు మిగిలినప్పుడు. ఎంత? ఇచట మా వారి లెక్క పనికివచ్చినది. తెలిసినవారు నూటికి రెండునుండి పదిపాళ్లవరకు పెంచుమందురు. ఇరువది కిలోలకు ఒక కిలో చేర్చిన నూటికి అయిదుపాళ్లు పెంచినట్లు. రెండు కిలోలకు అదే కిలో చేర్చిన నూటికి ఏబదిపాళ్లు పెంచినట్లు! అంగడిలో దొరకు డంబెల్సు రెండు కిలోలదాని తరువాత మూడు కిలోలది యుండును. చూచుటకు అది ఒక్క మెట్టే. భుజమునకు మాత్రము అది సగము నిచ్చెన. సీసాలో గాని, బియ్యపు సంచిలో గాని నూరు గ్రాములు, నూటయేబది గ్రాములు చొప్పున చేర్చుకొనవచ్చును. ఈ విషయమున మన వంటింటి తక్కెడ తాలింఖానాకంటె మేలు.

బరువు నేర్పరచుకొనుట చిన్నపని యనుకొనరాదు. మన తెలుగుబిడ్డ కరణం మల్లీశ్వరి శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగినది. 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేత యైనది. స్త్రీల బరువులెత్తు పోటీ ఒలింపిక్సులో తొలిసారిగా 2000 సంవత్సరమున సిడ్నీలో జరిగినది. ఆ సెప్టెంబరు 19వ తేదీన 69 కిలోల తరగతిలో ఆమె ఒక్క ఊపున 110 కిలోలు, భుజములపైకి తెచ్చి పిమ్మట తలపైకెత్తు పద్ధతిని 130 కిలోలు, మొత్తము 240 కిలోలెత్తెను. ఆమెకంటె ముందు నిలిచిన యిద్దరి మొత్తము చెరి 242.5 కిలోలు. కడపటిసారి ఆమె 137.5 కిలోలు పెట్టించుకొనెను, అది నిలువలేదు. కంచుపతకము వచ్చినది. ఒలింపిక్సు పతకము నొందిన తొలి భారతస్త్రీ యను కీర్తియు వచ్చినది. బాల్యమునుండి ఇనుముతోడనే పెరిగిన ఆ వీరవనితకు సైతము ఏడున్నర కిలోల హెచ్చు ఒక్కమారున అందలేదనిన, నిన్న మొదలిడిన మనమెంత జాగ్రత్తగా నుండవలెను! ఆమె తెగింపు పోటీనాటిది, దానికి నమస్కరింతము. మన పెరటిలో పోటీ లేదు, తెగింపును అక్కరలేదు.

అట్లని భయపడి అరకిలో సీసాతోనే యేండ్లు గడపుట కూడ తప్పే. కండ తనకు అలవాటైన పనికి పెరుగదు. “దినమెల్ల బిందెలు మోయుచునే యున్నాము గదా” యని కొందరు సోదరీమణు లందురు. బిందె ఎప్పుడును ఒక్క బరువే. తరచుగా ఒక్క చంకనే. అది పని, ఇది సాధన. ఇక కండలు పెరిగి మగవారివలె నగుదుమేమోయను భయము వలదు. వారమునకు రెండుదినములు సీసాలెత్తినంతమాత్రాన ఎవరును భీములు కారు. మెట్లెక్కినప్పుడు ఆయాసము తగ్గును, నేలపై కూర్చుండి ఒరుల చేయి పట్టక లేవగలుగుదురు.

వైద్యురాలి యనుమతితో మా అత్తగారు అరలీటరు సీసాతో మొదలిడిరి. మేమును భుజము కుదిరినపిమ్మట అహంకారము విడిచి వారి ప్రక్కన అట్టి సీసాతోనే కూర్చుంటిమి. నేడు వారు లీటరు సీసాను పండ్రెండుమారులు ఎత్తుచున్నారు. మేము రెండు కిలోలకు వచ్చితిమి. ఆరు కిలోల కుండను నెత్తిన నిలిపి, రెండుచేతులతో పట్టుకొని పెరటిలో నాలుగుమారులు నడచితిమి, తొణకలేదు. అత్తగారు చూచి, “దిగవేయి, అమ్మాయీ, మిగిలినది వచ్చే యాషాఢమునకు దాచుకొనుము” అనిరి. వాగ్భటుడు చెప్పిన దంతయు ఆ మాటలో ఇమిడియున్నదని తోచినది. కుండ దించితిమి.