భద్రతా శీర్షిక: అచ్చయిన మోతాదును చదువుట ఎట్లు?

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వేటకు వెళ్లేవారు, గురి పోటీలలో పాల్గొనేవారు అనేకులు తమ రైఫిల్ తూటాలను తామే ఇంటిలో నింపుకుంటారు. అక్కడ ఇది చట్టసమ్మతమైన వ్యాపకం. ఒకసారి పేల్చిన ఇత్తడి గుల్లను శుభ్రపరచి, పూర్వపు కొలతకు తెచ్చి, అడుగున కొత్త ప్రైమరు అమర్చి, లోపల మందు పోసి, మూతివద్ద గుండును బిగించుట ఈ పనిలోని వరుస. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయుట నేరం. కావున ఇక్కడి ఇండ్లలో ఎవరూ తలపెట్టరాని పని ఇది. అయినను మన ఉద్యోగుల బిడ్డలు కొందరు ఆ దేశంలో స్థిరపడినారు. వారిలో గురి క్రీడపై మక్కువ గలవారు ఉండవచ్చు. అంతేకాక, అచ్చయిన పట్టికను నమ్మి పనిచేయు ప్రతివారికీ ఇందులో ఒక పాఠం ఉన్నది. ఈ మాసం దానిని పరిశీలింతము.

ముందుగా ప్రమాద తీవ్రతను గుర్తించవలె. మన వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో పీడనం చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్లు. బహుళ ప్రచారంలో ఉన్న .308 వించెస్టర్ తూటాకు అమెరికా ప్రమాణ సంస్థ ‘సామీ’ నిర్ణయించిన గరిష్ఠ సగటు పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అనగా కుక్కర్‌కంటె నాలుగు వేల రెట్లకు పైమాట. ఈ పీడనం పుట్టునది కాల్చువాని చెంపకు అతి చేరువలో. గొట్టం వెనుక భాగం పగిలినచో నష్టపోవునవి కన్నులు, వ్రేళ్లు, ఒక్కొక్కప్పుడు ప్రాణం.

పొగరాని మందుకు ఒక స్వభావం ఉన్నది. పీడనం పెరిగిన కొలదీ అది మరింత వేగంగా మండును. వేగంగా మండిన కొలదీ పీడనం మరల పెరుగును. అందుచేత హద్దు దగ్గర మందు స్వల్పంగా పెరిగినను పీడనం అదే నిష్పత్తిలో గాక, అంతకు మించి ఎగబాకును. మందు తూకం ‘గ్రెయిన్ల’లో జరుగును. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. మన స్వర్ణకారుల గురిగింజ ఎత్తులో రమారమి సగం. ఇట్టి గ్రెయిన్‌ను మరల పది భాగాలు చేసి తూచుట ఈ పనిలో సామాన్యం. ఇక్కడ ‘ఉజ్జాయింపు’ అను మాటకు చోటు లేదు.

మరి ఎంత మందు పోయవలెనో తెలియుట ఎట్లు? ఇందుకొరకు గుండ్లు తయారుచేయు హోర్నడీ, సియెర్రా, స్పియర్, మందు విక్రయించు హాడ్జ్‌డన్, పరికరాలు చేయు లైమన్ వంటి సంస్థలు తమ ప్రయోగశాలల ఫలితాలను పుస్తకాలుగా ప్రకటిస్తున్నవి. 1926లో ఏర్పడిన ‘సామీ’ నిర్ణయించిన హద్దులు ఆ దేశంలో ఇట్టి పరీక్షలకు ఆధారం. పట్టికలో ఒక్కొక్క మందు పేరు ఎదుట ఆరంభ మోతాదు, గరిష్ఠ మోతాదు, గుండు వేగం కనిపించును. తొందరపడు చదువరి కన్ను నేరుగా గరిష్ఠ మోతాదుపై వ్రాలును. పొరపాటుకు బీజం అక్కడే పడును.

పట్టికలోని అంకె ఒక నిర్దిష్ట పరీక్ష ఫలితం మాత్రమే. ఆ పరీక్షలో వాడిన గుండు, గుల్ల, ప్రైమరు, గొట్టం, తూటా మొత్తం పొడవు అన్నీ కలిసి ఆ అంకెను ఇచ్చినవి. అవి పుట శిరోభాగంలో చిన్న అక్షరాలలో అచ్చయి ఉండును. వాటిని విడిచి అంకెను మాత్రమే గ్రహించుట, వైద్యుడు ఒకరికి వ్రాసిన మందును మరొకరు మ్రింగుట వంటిది. తెలుగులో రెంటికీ ‘మందు’ అనియే పేరుండుట కాకతాళీయమే గాని, హెచ్చరిక మాత్రం రెంటికీ సరిపోవును.

ఒక్కొక్కటి మారినచో ఏమగునో చూడుడు. సైనిక అవసరాలకు చేసిన 7.62 మిల్లీమీటర్ల గుల్లలకు సాధారణంగా గోడ మందం ఎక్కువ. వెలుపలి ఆకారం .308 గుల్లవలెనే ఉన్నను లోపలి చోటు తక్కువ. అదే మోతాదు అందులో పోసినచో పీడనం అధికమగును. గుండును పుస్తకం చెప్పినదానికంటె లోతుగా దించినను లోపలి చోటు తగ్గును. గుండు బరువు సమానమే అయినను దాని ఆకారం, లోహం వేరైనచో ఫలితం వేరు. ప్రైమరు రకం మారినను అంతే.

పేర్ల విషయంలో మరింత జాగరూకత అవసరం. రెండవ ప్రపంచ యుద్ధానంతరం మిగిలిపోయిన సైనిక మందును హాడ్జ్‌డన్ సంస్థ కొని పౌరులకు విక్రయించినది. 4831 అను మందు ఆ విధంగా ప్రసిద్ధికెక్కినది. తరువాత డ్యూపాంట్ సంస్థ ‘ఐ.ఎం.ఆర్. 4831’ అను పేరుతో తన మందును విడుదల చేసినది. రెండింటి అంకె ఒక్కటే. మండు వేగం మాత్రం ఒక్కటి కాదు. ఐ.ఎం.ఆర్. రకం త్వరగా మండును. ‘హెచ్ 4831’కు వ్రాసిన గరిష్ఠ మోతాదును ఐ.ఎం.ఆర్. డబ్బాలోనుండి తూచినవాడు హద్దు దాటినట్లే. 2003లో ఐ.ఎం.ఆర్. వ్యాపారం హాడ్జ్‌డన్ చేతికే వచ్చినను, మందులు రెండూ వేరువేరుగానే ఉన్నవి. కావున డబ్బాపైని పేరును అక్షరం విడువక పుస్తకంలోని పేరుతో పోల్చవలె.

పాత పుస్తకాల విషయం వేరొకటి. పూర్వం రాగి స్థూపిక ఎంత నలిగినదో కొలిచి పీడనాన్ని లెక్కించేవారు. తదుపరి విద్యుత్ సంవేదకాలు వచ్చినవి. .308 వించెస్టర్ గరిష్ఠ పీడనమే రాగి కొలతలో 52,000 గాను, సంవేదక కొలతలో 62,000 గాను నమోదైనది. ఈ రెండు అంకెలను ఒకే కొలతగా భావించి, ‘ఇంకను పది వేలు మిగిలి ఉన్నది’ అనుకొనుట ప్రాణాంతకం. కొత్త పరికరాలతో పరీక్షించిన పిదప కొన్ని మోతాదులను తగ్గించినారు కూడ. అందుచే కొత్త ముద్రణనే ఆశ్రయించుట మేలు; వీలైనచో మరొక ప్రకటిత పట్టికతో సరిచూచుట ఇంకను మేలు.

ఇక ఆచరణలో పాటించవలసినవి:

1. ఆరంభ మోతాదుతోనే మొదలిడవలె. పుస్తకం గరిష్ఠ మోతాదును మాత్రమే ఇచ్చినచో దానికి పది శాతం తగ్గించి ప్రారంభించుట పరిపాటి. కొద్ది కొద్దిగా పెంచుచు, ప్రతి మెట్టులో పేల్చిన గుల్లను పరిశీలించవలె.

2. ప్రైమరు చదునుగా నలుగుట, బోల్టు బిగుసుకొనుట పీడనం మించినదను సూచనలు. అవి కనిపించిన వెంటనే ఆపవలె. కాని అవి కనిపించనంత మాత్రాన క్షేమమని తలచరాదు. ఈ గుర్తులు ఆలస్యంగా బయటపడును.

3. ఆరంభ మోతాదుకంటె మిక్కిలి తగ్గించుట కూడ తగదు. నెమ్మదిగా మండు కొన్ని మందులను అతి స్వల్పంగా వాడినను ప్రమాదమని ప్రకటనకర్తలే హెచ్చరిస్తున్నారు. గుండు గొట్టంలోనే నిలిచిపోవుటయు సంభవం. శబ్దం మందకొడిగా వినిపించినచో రెండవ తూటా పేల్చరాదు. తుపాకీని ఖాళీచేసి గొట్టాన్ని పరిశీలించవలె.

4. పని బల్లపై ఒకే మందు డబ్బా ఉండవలె. మందును వేరొక డబ్బాలోనికి మార్చరాదు. పేరులేని మందును వాడనే కూడదు.

5. త్రాసును తెలిసిన తూకపురాళ్లతో ముందుగా సరిచూడవలె. మందు పోసిన గుల్లలన్నిటినీ వెలుతురులో వరుసగా చూచి, ఒకే మట్టమున్నదని నిర్ధారించిన పిదపనే గుండ్లు బిగించవలె. రెండుమార్లు మందు పడిన గుల్ల అప్పుడే పట్టుబడును.

6. పని సాగుచుండగా సంభాషణలు, టెలివిజన్, ధూమపానం వద్దు. కంటి అద్దాలు ధరించవలె. సీసపు మలినం చేతులకంటును గనుక కడుగుకొనకుండ ఏదియు తినరాదు. పిల్లలకు అందని చోట తాళం వేసి భద్రపరచవలె.

మన కర్మాగారంలో క్రేన్‌కు తగిలించిన బరువుల పట్టికను తలచుకొనుడు. ఎత్తగల బరువు బూమ్ కోణంపై, వ్యాసార్ధంపై, కాళ్లు ఆనిన నేలపై ఆధారపడి ఉండును. కోణం చూడక బరువు గడిని మాత్రం చదివిన ఆపరేటరు, శిరోభాగం చదువక గరిష్ఠ మోతాదును తూచిన వేటగాడు ఒకే త్రోవ నడచుచున్నారు. పట్టిక ఇద్దరికీ అబద్ధం చెప్పలేదు. అది చెప్పిన షరతులను వారు వినలేదు.

దూరదేశంలోని బిడ్డలకు ఉత్తరం వ్రాయునపుడో, టెలిఫోనులో మాటాడునపుడో ఈ నాలుగు మాటలు చేరవేయవలసినదిగా పాఠకులకు మా మనవి. పుటను పైనుండి క్రిందికి పూర్తిగా చదువుటకు పట్టునది రెండు నిమిషములే. పోయిన కంటిచూపు మాత్రం ఎంత కాలమునకైనను తిరిగిరాదు.